అచ్చు నుంచి తెరకు: సినిమా పత్రిక, అభిమాని

ప్రస్తావన

వార్త కోసం కాక ఒక ఇష్టం కోసం కొనుక్కునే పత్రికను అభిరుచి పత్రిక అంటాం. ఇంగ్లీషులో వీడియో ఆటలకు, చదరంగానికి, ఫొటోగ్రఫీకి, తోటపనికి, ఇలా దేనికి దానికి పత్రికలు వచ్చాయి. తెలుగులో ఆ స్థానం చాలావరకు సినిమా పత్రికది. దినపత్రిక అచ్చు మానేసి తెరమీదికి వెళితే పాఠకుడు సర్దుకుంటాడు. వార్త అందితే అతనికి చాలు. అభిరుచి పత్రిక అదే పని చేస్తే మాత్రం నొచ్చుకుంటాడు, కోప్పడతాడు, తనను అడగకుండా ఇంట్లో వస్తువు ఎవరో తీసుకుపోయినట్టు మాట్లాడతాడు. ఆ పత్రిక కొనడం అతను పదేళ్ల కిందటే మానేసి ఉండవచ్చు. అయినా బాధ బాధే. ఈ ప్రతిస్పందన ఎందుకు వస్తుందో, అందులో ఎంత న్యాయం ఉందో ఈ పాఠంలో పరిశీలిద్దాం.

మద్రాసు నుంచి ఫిలింనగర్ దాకా

తెలుగు సినిమా మద్రాసులో ఉన్న రోజుల్లో పేరున్న సినిమా పత్రికలు కొన్ని అక్కడి నుంచే వచ్చేవి. విజయా సంస్థను నడిపిన నాగిరెడ్డి, చక్రపాణి గార్లే 1947 జూలైలో పిల్లల మాసపత్రిక ‘చందమామ’ను ప్రారంభించారు. ‘విజయచిత్ర’ అనే సినిమా పత్రిక కూడా ఆ సంస్థదే. నటుడు, రచయిత రావి కొండలరావు గారు అందులో చాలాకాలం పనిచేశారు. సినిమాలు తీసేవారే సినిమా పత్రిక నడిపితే విమర్శ ఎంత నిష్పక్షపాతంగా ఉంటుందని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే.

తర్వాత పరిశ్రమ కొద్దికొద్దిగా హైదరాబాదుకు తరలింది. అన్నపూర్ణ, పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు వచ్చాయి. బంజారాహిల్స్, జూబిలీహిల్స్ రాతిగుట్టల మీద ఇళ్లు లేచాయి. పక్కనే ఫిలింనగర్ ఏర్పడింది. ఈనాడు సంస్థ 1976లో ‘సితార’ వారపత్రికను తెచ్చింది. ‘జ్యోతిచిత్ర’, ‘శివరంజని’, ‘సూపర్ హిట్’, ‘సంతోషం’ వంటివి వేర్వేరు కాలాల్లో దుకాణాల్లో వేలాడాయి. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం కూడా జూబిలీహిల్స్‌లోనే ఉంది కాబట్టి, ఏదో పని మీద మీరూ ఆ దారుల్లో తిరిగి ఉండవచ్చు. అక్కడ మనకు కనిపించేవి ఎత్తయిన ప్రహరీలు, మూసిన గేట్లు. కడప నుంచో ఖమ్మం నుంచో వచ్చిన అభిమానికి కూడా కనిపించేది అంతే. ఆ గేటు లోపల ఏముందో వారానికోసారి చూపించినది పత్రిక.

అభిమాని కొన్నదేమిటి?

సమాచారం కొన్నాడని అనుకుంటే పొరపాటు. షూటింగ్ ఎక్కడ జరుగుతోంది, ఎవరి సరసన ఎవరు నటిస్తున్నారు అన్నవి ఇవాళ అతనికి ఇంకా త్వరగా, డబ్బు ఖర్చు లేకుండా అందుతున్నాయి. సమాచారమే కావలసి ఉంటే అతను సంతోషించాలి కదా!

పత్రిక ఎలా చదివేవారో ఒకసారి గమనించండి. ఒక ప్రతి బస్టాండు బుక్‌స్టాల్లో కొంటే ఇంటిల్లిపాదీ చదివేవారు, తర్వాత పక్కింటికి వెళ్లేది. కొనలేనివాడు సెలూన్లో తన వంతు వచ్చేలోగా చదివేవాడు. అద్దె పుస్తకాల షాపులో ఒక రోజు అద్దెకు దొరికేది. మధ్య పేజీలోని రంగుల బ్లోఅప్ పిన్నులు ఊడదీసుకుని గోడకెక్కేది. అట్టలు స్కూలు పుస్తకాలకు అట్టలయ్యేవి. ఇష్టమైన హీరో బొమ్మలు కత్తిరించి అన్నం మెతుకులతో నోటుపుస్తకంలో అంటించుకునేవారు. వారపత్రికల సీరియళ్లను వారం వారం చింపి, అన్నీ అయ్యాక బౌండు చేయించుకునే అలవాటు మన ఇళ్లలో ఎంత బలంగా ఉండేదంటే, పాత పుస్తకాల దుకాణాల్లో అలాంటి ఇంటి బౌండ్లు ఇప్పటికీ తగులుతాయి.

ఇవన్నీ చేతులతో చేసే పనులు. అభిరుచి అంటే సగం ఇదే. తెర మీద బొమ్మ వెయ్యి రెట్లు స్పష్టంగా ఉన్నా దాన్ని కత్తిరించి అంటించలేం, తమ్ముడికి కనబడకుండా దాచలేం.

రెండో సంగతి ఉత్తరాల పేజీ. ప్రశ్న పంపిన పాఠకుడి పేరు, ఊరి పేరు అచ్చులో వచ్చేవి. తన పేరు అచ్చులో చూసుకోవడం కోసం పోస్టుకార్డు మీద పోస్టుకార్డు రాసినవారు మన సమాజంలో తక్కువేమీ కాదు. కార్డు వేశాక వారాల తరబడి ఎదురుచూపు ఉండేది. ఎంపిక ఉండేది కాబట్టి ఎంపికైతే విలువా ఉండేది. అదే అభిమాని ఇప్పుడు తెర మీద ఒక్క నిమిషంలో తన మాట రాసి చూసుకోగలడు. ఎవరూ ఎంపిక చేయని ఆ మాటను ఎవరూ కత్తిరించి దాచుకోరు కూడా.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: మీ ఇంట్లో లేదా మీ ఊరి శాఖా గ్రంథాలయంలో ఉన్న ఏదైనా పాత వారపత్రిక సంచిక తీసుకోండి. అందులో వార్తగా ఇవాళ పనికిరాని పేజీలు ఏవి, ఇప్పటికీ చదవాలనిపించే పేజీలు ఏవి? కారణాలు రాయండి.

అచ్చు ఎందుకు ఆగింది?

కాగితం ధర, అచ్చు ఖర్చు, ఏజెంట్ల కమీషను, అమ్ముడుపోక తిరిగొచ్చే ప్రతులు అన్ని పత్రికలకూ ఉన్న బరువులే. సినిమా పత్రికకు మరో ప్రత్యేక కారణం ఉంది. ఒకప్పుడు సినిమా యాభై రోజులు, వంద రోజులు ఆడేది. ఏ ఊళ్లో ఎన్ని రోజులు ఆడిందో అభిమానులు నోటికి చెప్పేవారు. విడుదలైన వారం తర్వాత వచ్చిన సమీక్షకు కూడా అప్పుడు పని ఉండేది, శతదినోత్సవానికి ప్రత్యేక సంచిక వేసేంత సమయం ఉండేది. ఇప్పుడు ఒకేసారి వందల తెరల మీద విడుదల చేస్తున్నారు. చాలా సినిమాల జాతకం మొదటి మూడు రోజుల్లో తేలిపోతుంది. అమెరికాలో ముందే ప్రీమియర్ షోలు పడతాయి కాబట్టి, ఇక్కడ ఉదయం ఆట మొదలయ్యే వేళకే సమీక్ష వచ్చేస్తుంది. వారానికోసారి వచ్చే పత్రిక ఈ పరుగులో ఎక్కడ నిలబడుతుంది?

2000 ప్రాంతంలో ఐడిల్‌బ్రెయిన్ వంటి వెబ్‌సైట్లు రంగంలోకి వచ్చాయి. అవి ప్రధానంగా ఇంగ్లీషులో రాసేవి. దీన్ని చాలామంది పట్టించుకోరు గాని, మార్పులో అసలు మలుపు ఇదే. కంప్యూటరు, ఇంగ్లీషు రెండూ ఉన్న పాఠకుడు ముందు వెళ్లిపోయాడు. తెలుగు మాత్రమే చదివే అభిమాని పత్రిక దగ్గరే ఇంకో పదిహేనేళ్లు ఉన్నాడు. 2016 తర్వాత చవకగా డేటా వచ్చాక అతనూ ఫోనులోకి మారాడు. చివరి దెబ్బ 2020 లాక్‌డౌన్. దుకాణాలు మూతపడి, ప్రతులు పంచే దారి లేకపోయింది. ‘చతుర’, ‘విపుల’ వంటి సాహిత్య మాసపత్రికలు కొంతకాలం తెర మీద చదువుకునే రూపంలో వచ్చి, 2021లో పూర్తిగా ఆగిపోయాయి. ‘సితార’ పేరును ఇప్పటి కుర్రవాళ్లు వెబ్‌సైటుగానే ఎరుగుదురు.

అందరూ బాధపడలేదు

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ‘అభిమానులు బాధపడ్డారు’ అన్నప్పుడు ఏ అభిమానులో చూడాలి. ఏజెంటు లేని ఊళ్లలో అచ్చుపత్రిక ఏనాడూ సరిగా దొరకలేదు. ఓడ మీద వచ్చే టపా కోసం నెలల తరబడి ఎదురుచూసిన ప్రవాసులకు తెర ఒక వరం. అమెరికాలోని తెలుగువారు 1998లోనే ‘ఈమాట’ను అచ్చుతో పని లేకుండా నేరుగా అంతర్జాలంలో ప్రారంభించారంటే కారణం అదే. చూపు తగ్గినవారు అక్షరం పెద్దది చేసుకోగలుగుతున్నారు. చూపు లేనివారు ఫోను చేత చదివించుకుని వినగలుగుతున్నారు. సెలూన్లో పత్రిక చదివే వీలు మగవాళ్లకే ఉండేదని కూడా మరిచిపోకూడదు. అచ్చు పోయిందని గట్టిగా వినిపించే గొంతులు చాలావరకు అచ్చు బాగా అందినవారివే.

నిల్వ ఎవరి చేతిలో ఉంది?

ఇంతవరకు చెప్పిన బాధల్లో చాలా భాగం కాలంతో తగ్గేవే. తగ్గనిది ఒకటుంది. దానికి ‘చందమామ’ చరిత్ర మంచి ఉదాహరణ. 2007లో ఆ పత్రికను ముంబయికి చెందిన జియోడెసిక్ సంస్థ తీసుకుంది. పాత సంచికలను వెబ్‌సైటులో పెట్టింది. పాఠకులు ఎంత సంబరపడ్డారో చెప్పలేం. చిన్నప్పుడు చదివిన బేతాళ కథ, శంకర్ గారి బొమ్మ, వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రం మళ్లీ కళ్లముందుకు వచ్చాయి. 2013 ప్రాంతంలో అచ్చు ఆగింది. 2016లో ఆ వెబ్‌సైటు చిరునామా కూడా చేజారింది. సంస్థ ఇబ్బందుల్లో పడితే దాంతోపాటు అరవై ఏళ్ల సంచికలు ఒక్కసారిగా కనబడకుండా పోయే స్థితి వచ్చింది. ఇవాళ మీరు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత చందమామలు చదవగలుగుతున్నారంటే, కాగితం ప్రతులు ఇళ్లలో మిగిలి ఉండటం వల్ల, ఎవరెవరో ఓపిగ్గా స్కాన్ చేసి పంచుకోవడం వల్ల. వారిలో ఎక్కువమంది పత్రికతో ఏ సంబంధమూ లేని మామూలు అభిమానులు. హక్కుల చట్టం దృష్టిలో ఈ పని అంత సులువుగా సమర్థించలేం. కాని వారు చేయకపోతే ఆ నిల్వ మనకు ఇంత సులువుగా దొరికేది కాదు.

తెర మీది తెలుగుకు మరో చిక్కు కూడా ఉంది. యూనికోడ్ వాడుకలోకి రాకముందు మన పత్రికల సైట్లు ఒక్కొక్కటి ఒక్కో సొంత ఫాంటు వాడేవి. ఆ ఫాంటు మీ కంప్యూటరులో లేకపోతే పేజీ అంతా అర్థం లేని గుర్తులుగా కనబడేది. వాటిని యూనికోడులోకి మార్చి చూపడానికి ‘పద్మ’ అనే పరికరాన్ని అభిమానులే తయారుచేసుకోవలసి వచ్చింది. 1976 నాటి అచ్చుపత్రికను ఇవాళ ఎవరైనా చదవగలరు. 2001 నాటి తెలుగు వెబ్ పేజీ దొరికినా చదవడం కష్టమే.

దీనివల్ల నష్టపోయేది పెద్ద హీరో కాదు. అతని బొమ్మలు వెయ్యి చోట్ల ఉంటాయి. జూబిలీహిల్స్ గుట్ట దిగితే వచ్చే కృష్ణానగర్‌లో అద్దెగదుల్లో ఉండే చిన్న పాత్రధారులు, ఫైటర్లు, డ్యాన్సర్లు, సహాయ దర్శకులను తలుచుకోండి. పాత సినిమాల టైటిల్స్‌లో అలాంటివారి పేర్లు చాలాసార్లు ఉండేవి కావు. ఎప్పుడో పత్రికలో పడిన ఒక ఫొటో, కింద ఒక వాక్యం, వారు ఆ సినిమాలో పనిచేశారనడానికి మిగిలిన ఏకైక సాక్ష్యం కావచ్చు. ఆ కత్తిరింపును ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని నిర్మాణ సంస్థల ఆఫీసులకు తిరగవచ్చు. లింకు చచ్చిపోయిన వెబ్ పేజీతో అది కుదరదు.

అచ్చయిన పుస్తకాలు, పత్రికల ప్రతులను కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి, మరి మూడు గ్రంథాలయాలకు పంపాలని 1954 నాటి చట్టం చెబుతుంది. ఆ చట్టం అచ్చయిన వాటి కోసం రాసినది. వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రం వంటివి పాత పత్రికలను కాపాడుతున్నాయి. అవి కాపాడుతున్నదీ కాగితాన్నే.

మీ ఇంటి అటక మీద సినిమా పత్రికల కట్ట ఏదైనా ఉంటే, పాత పేపర్లవాడికి తూకానికి వేసేముందు ఒకసారి విప్పి చూడండి. సంచిక తేదీ, సంపుటి, సంచిక సంఖ్య ఒక కాగితం మీద రాసుకోండి. అట్ట పోయిన ప్రతి అయినా పనికొస్తుంది. ఫొటో తీసేటప్పుడు ఉత్తరాల పేజీని, ప్రకటనలను వదిలేయకండి. సినిమా చరిత్ర రాసేవారు ముందు వెతికేవి అవే. తర్వాత మీ జిల్లా కేంద్ర గ్రంథాలయంలో అడగండి, ఆ సంచికలు వారి దగ్గర ఉన్నాయో లేవో.