ఒక బంటు పోతే పోనీ!

ఉయ్యాలవాడలోని మా ఇంటి అరుగు మీద పులిజూదం గీతలు ఇంకా చెరిగిపోలేదు. ఆ ఆటలో మా అత్తమ్మ దిట్ట. అందుకే 2025 జులై 26న మా అమ్మాయి ఫోన్లో చదరంగం పెట్టగానే తనూ వచ్చి కూర్చుంది.

జార్జియాలోని బటూమిలో మహిళల ప్రపంచకప్ ఫైనల్ అది. గుడివాడలో పుట్టిన మన కోనేరు హంపికి 38 ఏళ్లు. ఎదురుగా 19 ఏళ్ల దివ్య దేశ్‌ముఖ్.

తెల్లపావులతో దివ్య క్వీన్స్ గాంబిట్ ఆడింది. రెండో ఎత్తులోనే ఓ బంటును ఎర వేసింది. హంపి తీసేసుకుంది.

"అయ్యో, ఊరికే ఇచ్చేసిందే!" అన్నాన్నేను.

"ఊరికే కాదమ్మా, నడిమి గళ్లు తన చేతికొస్తాయి. పావులు కదలడానికి చోటు దొరుకుతుంది" అంది అమ్మాయి.

"మేకను ఎర వేసి పులిని కట్టేయడమేగా!" అత్తమ్మ తేల్చేసింది.

ఆ ఆట డ్రా. 28న ర్యాపిడ్ టైబ్రేక్‌లో హంపి ఓడిపోయింది. కప్పుతో పాటు గ్రాండ్‌మాస్టర్ హోదా కూడా దివ్యకు దక్కింది.

హంపి 2002లో, 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్. 2017లో తల్లయింది. సుమారు రెండేళ్లు ఆటకు దూరమైంది. అయినా 2019లో, మళ్లీ 2024లో ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది.

అమ్మాయి కడుపులో పడ్డాక నేను డిగ్రీ రెండో ఏడాదిలోనే ఆపేశాను. ఆ మాటే అంటే అత్తమ్మ, "పుస్తకాలు అటక మీదే ఉన్నాయిగా" అంది.

మర్నాడు నిచ్చెన వేశాను. మీ అటక మీద ఏమున్నాయో చూసుకున్నారా?