ఒక్క ఏడాది తగ్గించి వ్రాసిన నష్టమెవరికి?

బడి పిల్లల ఆటల పోటీలలో వయస్సు తరగతులుండునని ఇంట పిల్లలున్న చదువరులందరికి తెలిసినదే. మన దేశములో ఈ పోటీలు నడుపు స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ 1954లో ఏర్పడినది. 14 ఏండ్ల లోపు, 17 ఏండ్ల లోపు, 19 ఏండ్ల లోపు అనునవి అందులో ముఖ్యమైన తరగతులు. ఫుట్‌బాల్ గాని, వాలీబాల్ గాని, కబడ్డీ గాని మండలములో బాగుగ ఆడినవాడు జిల్లాకు, అక్కడనుండి రాష్ట్రమునకు పోవును. లెక్కకు జనవరి 1వ తేదీయే గీత. 2023-24లో 14 ఏండ్ల లోపు జట్టులో చేరవలెనన్న 2010 జనవరి 1న గాని, ఆ తరువాత గాని పుట్టియుండవలెను. దానికి ముందు రాత్రి పుట్టినవాడు పై తరగతికి పోయి, తనకన్న రెండు మూడేండ్లు పెద్దవారితో తలపడవలెను.

ఈ గీత ఎందుకని కొందరడుగుదురు. పదమూడేండ్ల పిల్లలను వరుసగా నిలువబెట్టి చూడండి. ఒకనికి నూనూగు మీసము వచ్చియుండును, ప్రక్కవాడు ఇంకను పసివానివలె ఉండును. ఫుట్‌బాల్ భుజమునకు భుజము తగులు ఆట. చిన్నవాడు రెండుమారులు క్రింద పడిన తరువాత మూడవమారు బంతి దగ్గరకు పోడు. ఆట రాక కాదు, దెబ్బకు జడిసి. అట్టివాడు కొన్నాళ్లకు మైదానము మానివేయును. వానిని నిలుపుకొనుటకే వయస్సు తరగతులు పుట్టినవి.

మన భీమడోలు ప్రాంతములో ఈ విషయమున ఒక చిక్కున్నది. మన పెద్దవారిలో ఎందరికో పుట్టిన తేదీ అనగా బడిలో వేసిననాడు పంతులుగారు వ్రాసినదే. గాలివాన వచ్చిన ఏడనియో, కొల్లేటి నీరు ఊరిలోనికి వచ్చిన ఏడనియో తల్లి చెప్పగా, ఆయన వ్రేళ్లు లెక్కించి ఏదో జూన్ నెల తేదీ వేసెడివారు. ఒకటవ తరగతిలో త్వరగా చేర్చవలెనని ఏడాది పెంచి చెప్పినవారున్నారు. సర్కారు ఉద్యోగములో ఒక ఏడాది కలిసివచ్చునని తగ్గించి చెప్పినవారు అంతకన్న ఎక్కువ. పెంచి చెప్పిన ఇంటి పిల్లవాడు మైదానమునకు వచ్చుసరికి పెద్దవారి మధ్య పడి నలుగును. జనన మరణముల నమోదు చట్టము 1969లోనే వచ్చినది. 2023లో దానిని సవరించిరి గనుక, ఆ ఏడు అక్టోబరు 1న గాని, తరువాత గాని పుట్టిన బిడ్డలకు బడి ప్రవేశమునకు జనన ధృవపత్రమే పుట్టిన తేదీకి ఆధారము. ఆ బిడ్డలు ఆటలకు ఎదుగుటకు ఇంకను కొన్నేండ్లు పట్టును. అంతవరకు పాత రిజిస్టర్లే.

సంఘ రిజిస్టరులో పిల్లల పుట్టిన తేదీ వ్రాసి ఉంచుట మా పనులలో ఒకటి గనుక, ఈ సంగతి మా వాకిటికి కూడ వచ్చును. "అయ్యగారండీ, మావోడికి ఒక్క ఏడాది తగ్గించి కాగితం రాసిచ్చెయ్యండి, జట్టులో తీసుకుంటారంట" అని అడుగువారు చెడ్డవారు కారు. బిడ్డకు ఒక సర్టిఫికెట్టు వచ్చిన రేపు ఎక్కడనో ఒక సీటు దొరకునని వారి ఆశ. ఆటల కోటా అను మాట పల్లెలో వినని ఇల్లు లేదు. మేము వ్రాసి ఇవ్వము. ఎందుకని వారు కోపపడినప్పుడు మేము అడుగునది ఒక్కటే: మీవాడు దొంగ తేదీతో జట్టులో చేరిన, ఆ చోటు పోగొట్టుకొన్నవాడు ఎవరు? వాడు ఆగడాల లంకనుండియో, చెట్టున్నపాడు నుండియో తెల్లవారుజామున బయలుదేరి వచ్చిన పదమూడేండ్ల పిల్లవాడు కావచ్చును. వాని తండ్రికి ఏ కాగితము మార్పించుకొను తోవయు తెలియదు.

ఇది మన ఊరి తెగులు మాత్రమే కాదు. 1988లో మెక్సికో దేశమువారు 20 ఏండ్ల లోపు పోటీలలో వయస్సు మీరిన ఆటగాండ్రను దింపిరని తేలినది. ఫిఫా వారు ఆ దేశపు జట్లన్నిటిని రెండేండ్లు వెలివేసిరి. దానితో ఏ పాపము ఎరుగని పెద్దల జట్టు 1990 ప్రపంచకప్పునకు పోలేకపోయినది. 2009 నుండి 17 ఏండ్ల లోపు ప్రపంచకప్పులో మణికట్టును ఎం.ఆర్.ఐ. తీసి ఎముక కలిసినదా లేదా అని చూచుచున్నారు. మన దేశపు ఫుట్‌బాల్ సమాఖ్య ఎక్స్‌రే తీయించి చూచుచున్నది. కాగితము అబద్ధమాడినను ఎముక ఆడదని వారి నమ్మకము. అయినను ఎముక ఎదుగుట పిల్లవానికి పిల్లవానికి భేదముగా ఉండును గనుక, అదియు తుది మాట కాదు.

ఇంతకును ఆ గీతలు రాతిలో చెక్కినవా అంటే, కావు. ఫిఫా వారి చిన్నవారి ప్రపంచ పోటీ 1985లో 16 ఏండ్ల లోపువారికని మొదలై 1991లో 17 ఏండ్లకు మారినది. మన వైమానిక దళమువారు 1960 నుండి నడుపు సుబ్రోతో కప్పులో చిన్న బాలుర తరగతి 14 ఏండ్ల లోపుగా ఉండి 2024లో 15 ఏండ్ల లోపు అయినది. అమెరికాలో ఉన్న మనవారి పిల్లలకు వచ్చిన మార్పు వినదగినది. అక్కడ బడి తరగతిని బట్టి కలిసి ఆడుచున్న పిల్లలను 2015లో చేసిన నిర్ణయము చొప్పున జనవరి 1 గీతతో విడదీసిరి. తరగతిలో ప్రక్క బల్లమీద కూర్చుండు స్నేహితుడు వేరొక జట్టులో పడెను. తలిదండ్రులు ఏండ్ల తరబడి సణిగిన మీదట, పిల్లల లీగులు నడుపు పెద్ద సంఘములు 2026-27 నుండి గీతను ఆగస్టు 1కి జరుపుటకు నిర్ణయించినవి.

గీత ఎక్కడ గీసినను దానికి ఈవల కడపట పుట్టినవారికి కష్టమే. 17 ఏండ్ల లోపు ప్రపంచకప్పులలో ఆడినవారి పుట్టిన నెలలను లెక్కించి 2010లో ఒక పరిశీలన ప్రచురించిరి. నూటికి దాదాపు 40 మంది జనవరి మొదలు మార్చి లోపల పుట్టినవారే. అక్టోబరు మొదలు డిసెంబరు లోపల పుట్టినవారు 16 మందే. కడపటి నెలల పిల్లలకు ఆట రాదా? పదినెలలు పెద్దవాని ప్రక్కన చిన్నగా కనబడి, ఎంపికలో వెనుకబడిపోవుచున్నారు.

ఈ చిక్కులన్నిటి మధ్య మాకు మరల మరల జ్ఞాపకము వచ్చువారు హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తికి బడిపంతులు. 1943 నుండి 1963లో మరణించువరకు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శి. ఆయన శిక్షణలో మన దేశము 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము, 1962 జకార్తా ఆసియా క్రీడలలో బంగారు పతకము సంపాదించినది. ఇది చాలమందికి తెలియును. 2024లో సినిమా కూడ వచ్చినది. మాకు నచ్చినది వేరొకటి. ఆయన కుర్రవాండ్రకు పోటీల నియమములనే మార్చివేసెను. బంతిని ఒక్కడే తప్పించుకొనుచు తీసికొనిపోగూడదు, అందించవలెనని ఒక పోటీ. వాటము లేని కాలితో మాత్రమే ఆడవలెనని మరియొక పోటీ. బలిసినవాడు త్రోసికొనిపోవుటకు మొదటిదానిలో వీలు లేదు. రెండవదానిలో అందరును కొత్తవారే. ఆ నగరపు ఆటగాండ్రతో హైదరాబాదు 1956-57లోను, 1957-58లోను సంతోష్ ట్రోఫీ గెలిచినది. ఆంధ్రప్రదేశ్ 1965-66లో గెలిచి, మరల గెలువలేదు.

మన సంఘముల యువజనులు క్రిస్మస్ సెలవులలోను, కోతలైన చేలలో సంక్రాంతికిని ఆటలు పెట్టుదురు. అక్కడ ఏ ఫెడరేషన్ చట్టమును లేదు, నియమము మన చేతిలోనిది. కబడ్డీలో వయస్సుతోపాటు బరువు కూడ చూచుట మన పిల్లలు ఎరిగినదే గదా. ఫుట్‌బాల్‌కు ఎత్తు చూచిన తప్పేమి? పదేండ్ల లోపువారికి బరి సగము చేసి, జట్టుకు ఐదుగురిని పెట్టి, ఆడపిల్లలను కూడ కలిపి ఆడించవచ్చును. 2018లో మొదలైన పసిపిల్లల లీగులలో సమాఖ్యవారు చేసినది ఇట్టిదే. పేరిచ్చిన ప్రతి బిడ్డ సగము ఆటయైనను ఆడవలెనని ఒక మాట పెట్టుకొనిన మరీ మంచిది. ఓడిపోవుదుమని పెద్దలు గొణుగుదురు, గొణగనిండు. పేర్లు వ్రాయు దినమున గుడి గోడకు సుద్దతో నాలుగడుగుల తొమ్మిది అంగుళముల దగ్గర ఒక గీత గీయండి. ఒక టేపు చాలును.