కోసిన తుపాకీ ఏం చెబుతుంది?

పిల్లలూ! ఐ.టి.ఐ.లో పక్కభాగం కోసి బల్లమీద బిగించిన ఆయిలింజనును మీరెప్పుడైనా చూశారా? చేలకు నీళ్లు తోడే ఇంజను నడుస్తున్నప్పుడు పొగా, చప్పుడూ తప్ప లోపలి సంగతి మనకు తెలియదు. కోసిన ఇంజను చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. పిస్టను ఎలా కదులుతుందో, కవాటాలు ఎప్పుడు తెరుచుకుంటాయో కళ్లకు కట్టినట్లు కనబడుతుంది.

సైనికులకు పాఠం చెప్పడానికి తుపాకులను కూడా ఇలాగే కోసేవారు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా గోదావరి ఒడ్డున జరిగిన ఎన్.సి.సి. శిబిరంలో హవల్దారు గారు అటువంటి రైఫిలు ఒకటి చూపించారు. మేమంతా దాని చుట్టూ మూగాం. భౌతికశాస్త్రం పుస్తకంలో చదివింది ఆరోజే నాకు సరిగా అర్థమయింది.

అది ఏ రైఫిలు?

అది .303 లీ ఎన్‌ఫీల్డ్. లీ అంటే దాని బోల్టు, మేగజైను పద్ధతిని రూపొందించిన జేమ్స్ పారిస్ లీ. ఎన్‌ఫీల్డ్ అంటే లండన్ దగ్గర ఆయుధాల కర్మాగారం ఉన్న చోటు. .303 అనేది గొట్టం లోపలి వ్యాసం, అంగుళాల్లో. అంటే సుమారు 7.7 మిల్లీమీటర్లు. కలకత్తా దగ్గరి ఇషాపూర్‌లో కూడా వీటిని తయారుచేశారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలాకాలం మన పోలీసుల భుజాన ఉన్నది ఇదే.

కోతలోంచి చూస్తే గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులు కనిపిస్తాయి. ఎన్‌ఫీల్డ్ గొట్టంలో సాధారణంగా ఇవి ఐదు. వీటి వెంట దూసుకుపోయే గుండు గిరగిరా తిరుగుతుంది. తిరిగే బొంగరం పడిపోకుండా నిలబడినట్లే, తిరిగే గుండు గాలిలో పల్టీలు కొట్టకుండా ముక్కు ముందుకు పెట్టి పోతుంది.

మరి పేల్చినవాడి భుజానికి దెబ్బ ఎందుకు తగులుతుంది? లెక్క వేద్దాం. గుండు బరువు సుమారు 11.3 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 744 మీటర్లు. రెంటినీ గుణిస్తే ద్రవ్యవేగం సుమారు 8.4 కిలోగ్రాం-మీటర్లు/సెకను. రైఫిలుకు అంతే ద్రవ్యవేగం వెనక్కి వస్తుంది. రైఫిలు 4 కిలోలు ఉంటే అది సెకనుకు 2.1 మీటర్ల వేగంతో వెనక్కి తన్నుతుంది. గొట్టంలోంచి వెలువడే వాయువులను కూడా లెక్కిస్తే ఇంకా కొంచెం ఎక్కువే. ఇది న్యూటన్ మూడో సూత్రం.

గుర్తుపట్టడం ఎలా?

1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు అనుచరులతో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై దాడిచేసి తుపాకులు తీసుకుపోయిన సంగతి మీకు తెలుసు. ఎవరైనా ఒక పాత రైఫిలు చూపించి, "ఇది ఆనాటి తుపాకీ, లక్షలు పలుకుతుంది" అన్నారనుకోండి. నమ్మాలా?

మడమ కర్ర మొదట్లో ఉండే లోహపు పట్టీని చూడాలి. అక్కడ కిరీటం గుర్తు, రాజు పేరు పొడి అక్షరాలు, కర్మాగారం పేరు, తయారైన సంవత్సరం ముద్రకొట్టి ఉంటాయి. 'జి.ఆర్.' అంటే జార్జి రాజు కాలం. 'ఇ.ఆర్.' అంటే అంతకుముందున్న ఎడ్వర్డు కాలం. సంవత్సరం 1942 అని ఉంటే 1922 కథ అక్కడికక్కడే తేలిపోతుంది. మరి 1917 అని ఉంటే? కథ నిజం కావచ్చు, కాకపోవచ్చు. తేదీ అబద్ధాన్ని పట్టివ్వగలదు గాని, నిజాన్ని తానొక్కటే రుజువు చేయలేదు. అందుకు పాత రికార్డు కావాలి. సీతారామరాజు తాను తీసుకుపోయిన ఆయుధాల వివరం ఠాణా పుస్తకంలో రాసి సంతకం చేశాడని చెబుతారు. అటువంటి కాగితం ఒక్కటి ఉంటే వంద మాటల పెట్టు.

విలువ దేనిలో ఉంది?

లీ ఎన్‌ఫీల్డులు లక్షల సంఖ్యలో తయారయ్యాయి. పాఠం కోసం కోసినవి మాత్రం చాలా తక్కువ. అందుకే సేకరించేవారు వాటిని వెతుకుతారు. అయితే ఎవరో ఇంటిదగ్గర రంపంతో కోసిన దానికి ఆ విలువ రాదు. పైగా మంచి పాత వస్తువు పాడయినట్లే. నేర్పరులు కోసిన దానిలో అంచులు నున్నగా ఉంటాయి. లోపలి భాగాలు ఇప్పటికీ కదులుతాయి. ప్రతి కోతా ఏదో ఒక భాగాన్ని చూపడానికే ఉంటుంది. బోల్టు మీది సంఖ్య, చట్రం మీది సంఖ్య ఒకటే అయితే ఇంకా మేలు. గరుకు కాగితంతో రుద్ది మెరిపిస్తే గుర్తులు అరిగిపోతాయి, విలువా అరిగిపోతుంది.

ఒక హెచ్చరిక. కోసినంత మాత్రాన అది ఆటవస్తువు కాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం అది ఆయుధం అవునో కాదో తేల్చేది అధికారులు. మనం కాదు. ఎక్కడైనా పాత తుపాకీ, తూటా కనబడితే ముట్టుకోకండి. పెద్దలకు చెప్పండి. వారు పోలీసులకు తెలియజేస్తారు.

చేసి చూడండి: మీ ఇంట్లో పాత గడియారమో, తాళం కప్పో, త్రాసో ఉంటే దానిమీద ఉన్న గుర్తులన్నీ నోట్ చేసుకోండి. కాగితాన్ని రెండు భాగాలు చేసి ఒకవైపు 'నేను చూసినది', రెండోవైపు 'ఇతరులు చెప్పినది' అని రాయండి. ఏ సంగతి ఎటువైపు వెళ్లాలో ఆలోచించడం మొదలుపెడితే, మీరు శాస్త్రజ్ఞుల దారిలో మొదటి అడుగు వేసినట్లే.