నలుగురు మిత్రులు, ఒక పులుసు

స్నేహితుల్ని భోజనానికి పిలిచిన రోజు చాలా తెలుగిళ్లలో తెల్లవారుతూనే హడావుడి మొదలవుతుంది. మధ్యాహ్నానికి పొయ్యి ఖాళీ ఉండదు, గట్టు మీద తరిగిన కూరగాయలు ఆరిపోతుంటాయి. సాయంత్రం వాళ్లు వచ్చేసరికి ఇల్లాలు చెమటల్లో తడిసి ఉంటుంది. హాల్లో కబుర్లు సాగుతుంటే ఆమె మాత్రం వంటింటి గుమ్మంలోంచి తొంగిచూసి ‘ఒక్క ఐదు నిమిషాలు’ అంటూ ఉంటుంది. వచ్చినవాళ్లు కడుపారా తిని, వంట బాగుందని చెప్పి వెళ్తారు. వండిపెట్టిన మనిషితో నాలుగు మాటలు కూడా అయి ఉండవు. అంత శ్రమ పడ్డాక మళ్లీ ఎవర్నయినా పిలవాలంటే ఏడాది పడుతుంది.

పెళ్లి భోజనానికీ, వియ్యాలవారి రాకకూ ఉండే మర్యాదలు వేరు. వాటి జోలికి నేను పోను. కానీ స్నేహితులు వచ్చినప్పుడు ఇంటివాళ్లందరూ వాళ్లతో కలిసి కూర్చోగలగాలి. ఎంతమందిని పిలవాలి, ఏం వండాలి, ఎందులో వడ్డించాలి అన్నవన్నీ ఆ ఒక్క షరతును బట్టే నిర్ణయించుకోవాలని నా గట్టి నమ్మకం.

ముందు సంఖ్య సంగతి. బ్రిటన్‌ శాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్, ఆయన సహచరులు మనుషులు తమంతట తాము చేరి మాట్లాడుకునే గుంపుల్ని పరిశీలించి 1995లో ఫలితాలు ప్రచురించారు. ఒకే మాటల వరసలో సుమారు నలుగురే ఇముడుతారని, అంతకు మించితే గుంపు రెండుగా చీలడానికి మొగ్గు చూపుతుందని వాళ్లు గుర్తించారు. మన ఇళ్లలోనూ ఇది కళ్లకు కనిపించేదే. పదిమందిని పిలిస్తే మూడు చోట్ల మూడు ముచ్చట్లు నడుస్తాయి, ఎవరో ఒకరు ఏ ముచ్చటలోనూ లేకుండా ఫోను చూసుకుంటారు. కాబట్టి ఇంటివాళ్లతో కలిపి నలుగురైదుగురుంటే హాయి. కుర్చీలన్నీ గోడల వెంట ఆసుపత్రి వరండాలోలా వేయకుండా దగ్గరికి లాగండి. అంతకంటే మంచిది, నేలమీద జంపఖానా పరిచి గుండ్రంగా కూర్చోవడం.

ఇక వంట. ఎప్పటికప్పుడు పొయ్యి మీంచి దించుతూ వడ్డించాల్సినవి ఎంత రుచిగా ఉన్నా ఆ రోజుకు వద్దు. పెసరట్లు, పూరీలు, మిరపకాయ బజ్జీలు ఇలాంటివే. ఒక మనిషిని పొయ్యి దగ్గరే కట్టిపడేస్తాయి. వేచి ఉన్నకొద్దీ రుచి పెరిగే వంటలు మనకు కావలసినన్ని ఉన్నాయి. వాటిలో మొదటిది చేపల పులుసు. మర్నాటి పులుసే రుచి అని కోస్తా ఇళ్లలో అనుకోవడం ఊరికే కాదు. రాత్రంతా ఉంటే పులుపు, ఉప్పు, కారం ముక్క లోపలిదాకా దిగుతాయి, పులుసు చిక్కబడుతుంది. ముక్కలు వేశాక గరిటె పెట్టకుండా, గిన్నె అంచులు పట్టుకుని తిప్పితే ముక్క విరగదు. ముందురోజు రాత్రి వండి, వేడి తగ్గగానే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు బాగా తెర్లేదాకా కాగనిస్తే చాలు. మాంసం తినని ఇళ్లలో ముక్కల పులుసుకూ ఇదే గుణం ఉంది. సొరకాయ, గుమ్మడికాయ, ములక్కాడ ముక్కలు పులుసులో ఎంత ఊరితే అంత బాగుంటాయి.

తెలంగాణ పచ్చిపులుసు ఇంకా తేలిక. నానిన చింతపండు రసం తీసి, ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి, ఉప్పు, కాస్త బెల్లం చేత్తో నలిపి కలపాలి. కొన్ని ఇళ్లలో వేయించిన నువ్వుల పొడి కూడా వేస్తారు. తాలింపుకు తప్ప పొయ్యి వెలిగించే పనే లేదు. పక్కన ముద్దపప్పు, నెయ్యి, వేయించిన అప్పడాలు ఉంటే ఎంత పెద్ద విందులోనూ దొరకని తృప్తి దొరుకుతుంది. ఇంత తక్కువ శ్రమతో ఇంత రుచినిచ్చే వంట మరొకటి నాకు తెలియదు.

అన్నం విషయంలో మాత్రం ఒక జాగ్రత్త తప్పదు. బియ్యంలో ‘బాసిల్లస్ సీరియస్’ అనే బ్యాక్టీరియా బీజాలుంటాయి. అవి ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉండిపోతే ఆ బీజాలు మొలకెత్తి బ్యాక్టీరియా పెరుగుతుంది. అది వదిలే ఒక రకం విషం మళ్లీ వేడిచేసినా పోదు. అందుకే వండిన పదార్థాన్ని గది వేడిమిలో 2 గంటలకు మించి ఉంచవద్దని, వేడిగా ఉంచదలిస్తే 60 డిగ్రీల సెల్సియస్‌కు పైనే ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పులిహోరకు కొంత వెసులుబాటు ఉంది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం సూక్ష్మజీవుల పెరుగుదలను నెమ్మదింపజేస్తుంది. కబుర్లు సాగుతాయనుకున్న రోజు ఒక పెద్ద గిన్నెడు పులిహోర కలిపి పెట్టుకోవడం మంచి ఆలోచన. మామూలు అన్నమైతే అందరూ వచ్చాకే కుక్కర్ పెట్టండి.

చివర పెరుగు తప్పకుండా ఉండాలి. మిరపకాయ మంటకు కారణమైన క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు. పాలు, పెరుగులోని కేసిన్ అనే మాంసకృత్తి దాన్ని పట్టుకుని నోటి మంట తగ్గిస్తుంది. కారం తట్టుకోలేని స్నేహితుడికి గ్లాసుడు నీళ్లు కాదు, గరిటెడు పెరుగు అందించండి.

గిన్నెలన్నీ మధ్యలో పెట్టి ఎవరికి కావలసింది వాళ్లనే వడ్డించుకోనివ్వాలి. కొసరి కొసరి వడ్డించడం మనకు ప్రేమే, నిజమే. కానీ వడ్డించే మనిషి నిలబడే ఉంటే ఆ ప్రేమలో ఆమెకు వాటా లేదు. మగవాళ్లు బియ్యం కడిగి, అప్పడాలు వేయించి, గిన్నెలు తీస్తే సగం బరువు దిగిపోతుంది. అంట్ల బాధ వద్దనుకుంటే అడ్డాకు, మోదుగాకు విస్తర్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. శ్రీకాకుళం, విశాఖ మన్యంలో గిరిజనులు అడ్డాకు సేకరించి అమ్ముకుంటారు. ప్లాస్టిక్ పూత పూసిన పళ్లాలకంటే ఈ విస్తర్లు ఎన్నో రెట్లు నయం, తిన్నాక మట్టిలో కలిసిపోతాయి.

‘ఏమైనా తెమ్మంటావా?’ అని స్నేహితులు ఫోనులో అడిగితే మొహమాటపడి ‘అయ్యో, ఏమీ వద్దు’ అనకండి. పెరుగో, అరటిపళ్లో, ఒక పచ్చడో తెమ్మనండి. అమెరికాలోని తెలుగు కుటుంబాలకు తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ బాగా అలవాటైంది. పనివాళ్ల సాయం లేనిచోట, వారమంతా ఉద్యోగాలతో సరిపోయేచోట అది లేకపోతే కలుసుకోవడమే కుదరదు. ఇక్కడ మన నగరాల్లోనూ బతుకు దాదాపు అలాగే ఉంది. పల్లెల్లో వీధి అరుగు మీద కూర్చుంటే పిలవకుండానే నలుగురు చేరేవారు. అపార్టుమెంట్లలో అరుగు లేదు. అందుకే నోరు తెరిచి పిలవాలి, పిలవడం భారం కాకుండానూ చూసుకోవాలి.

ఇల్లు అద్దంలా మెరిసేదాకా, జీతం పెరిగేదాకా, కొత్త సోఫా వచ్చేదాకా ఆగకండి. ఈ శనివారానికే ఇద్దరికి ఫోన్ చేయండి. అన్నం, ముద్దపప్పు, పచ్చిపులుసు, అప్పడాలు, పెరుగు. ఇవి చాలు. టీవీ కట్టేసి, మీరూ వాళ్లతోపాటే విస్తరి ముందు కూర్చోండి.