ఎయిర్ మైల్స్ క్రెడిట్ కార్డు: అల్మాస్‌గూడ ఇంటి ఖర్చుతో ఫ్లైట్ టికెట్ వస్తుందా? లెక్క ఇదీ!

ఎయిర్ మైల్స్ కార్డు తీసుకుంటే చాలు, ఏడాది తిరిగేసరికి ఫ్రీగా విమానం ఎక్కేయొచ్చు.. సోషల్ మీడియా రీల్స్‌లో ఇప్పుడు ఎక్కడ చూసినా ఇదే మాట. ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ మాల్స్‌లో కార్డులు అమ్మే కుర్రాళ్లు కూడా ఇదే చెబుతున్నారు. మరి కర్మన్‌ఘాట్ దాటి అల్మాస్‌గూడ, బాలాపూర్, మీర్‌పేట్ వైపు ఇల్లు కట్టుకుని హోమ్ లోన్ ఈఎంఐ కట్టుకుంటున్న మధ్యతరగతి కుటుంబానికి ఈ లెక్క నిజంగా వర్కవుట్ అవుతుందా? అవుతుంది, కానీ అందరికీ కాదు. ఎవరికి అవుతుందో తేలాలంటే కార్డు బ్రోచర్ కాదు, ముందు ఇంటి ఖర్చు చూడాలి.

అసలు ఎయిర్ మైల్ అంటే ఏంటి?

పేరులో మైలు ఉన్నా దూరంతో దానికి పెద్దగా సంబంధం లేదు. అది ఎయిర్‌లైన్ ఇచ్చే పాయింట్, అంతే. కొన్ని కార్డులు నేరుగా ఒక ఎయిర్‌లైన్ పాయింట్లే ఇస్తాయి. ఎయిర్ ఇండియా ఎస్‌బీఐ కార్డులు కూడా ఒకే ఎయిర్‌లైన్‌తో ముడిపడినవే. ఇంకొన్ని కార్డులు బ్యాంకు సొంత పాయింట్లు ఇస్తాయి. వాటిని మనకు కావాల్సిన ఎయిర్‌లైన్‌కు మార్చుకోవాలి. యాక్సిస్ అట్లాస్, హెచ్‌డీఎఫ్‌సీ రెగాలియా గోల్డ్ ఈ రెండో రకం.

ఒకే ఎయిర్‌లైన్‌ను నమ్ముకుంటే రిస్క్ ఎక్కువ. విస్తారానే తీసుకోండి. ఆ పేరుతో ఒకప్పుడు యాక్సిస్, ఎస్‌బీఐ, ఐడీఎఫ్‌సీ కార్డులు బాగా నడిచాయి. 2024 నవంబర్ 12న విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది, ఆ పేరే లేకుండా పోయింది. ఇక ఎయిర్ ఇండియా టికెట్లు కొంటే ఎస్‌బీఐ సిగ్నేచర్ కార్డు ప్రతి 100 రూపాయలకు 30 పాయింట్లు ఇచ్చేది. 2025 మార్చి నెలాఖరు నుంచి అది 10కి పడిపోయింది. ప్లాటినం కార్డులో 15 కాస్తా 5 అయింది. కార్డు తీసుకునేటప్పుడు చెప్పిన రేటు మనం టికెట్ కొనే నాటికి ఉంటుందన్న గ్యారంటీ లేదన్నమాట.

రెండు కార్డులు, ఒకే ఇల్లు

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుందాం. కార్డు మీద నెలకు 40 వేలు ఖర్చు పెట్టే ఇల్లు. అందులో సరుకులు, బట్టలు, ఆన్‌లైన్ షాపింగ్, హోటళ్లు కలిపి 30 వేలు. కరెంటు, ఫోన్ బిల్లులు 5 వేలు. ఇన్సూరెన్స్ ప్రీమియం నెల లెక్కన 5 వేలు. ఏడాదికోసారి 60 వేల విమాన టికెట్లు. పెట్రోల్ యూపీఐతో కడతారు కాబట్టి దాన్ని పక్కన పెడదాం. కింది లెక్కలన్నీ 2025 నిబంధనల ప్రకారం వేసినవి.

ముందు అట్లాస్. ఎయిర్‌లైన్ సైట్‌లో నేరుగా టికెట్ కొంటే 100కి 5 ఎడ్జ్ మైల్స్, మామూలు ఖర్చుకు 2. బిల్లులు, ఇన్సూరెన్స్, అద్దె, బంగారం, పెట్రోల్, వాలెట్ లోడ్.. వీటికి సున్నా. అంటే 40 వేలలో 10 వేలు మొదట్లోనే ఎగిరిపోయాయి. మిగతా 30 వేలకు నెలకు 600 చొప్పున ఏడాదికి 7,200. టికెట్ల మీద 3,000. ఏడాది ఖర్చు 3 లక్షలు దాటినందుకు అదనంగా 2,500. మొత్తం 12,700 ఎడ్జ్ మైల్స్. చాలా ఎయిర్‌లైన్స్‌కు ఒకటికి రెండు చొప్పున మారతాయి కాబట్టి 25,400 మైళ్లు. కార్డు ఫీజు 5,000, జీఎస్టీతో 5,900.

ఇక రెగాలియా గోల్డ్. 150 రూపాయలకు 4 పాయింట్లు. బిల్లులు, ఇన్సూరెన్స్ మీద కూడా పరిమితి మేరకు ఇస్తుంది. ఇదే ఇంటికి ఏడాదికి 14,400 పాయింట్లు వస్తాయి. ఎయిర్‌లైన్‌కు మారిస్తే రెండు పాయింట్లకు ఒక మైలు, అంటే 7,200 మైళ్లే. అట్లాస్ పక్కన పెడితే వెలవెలబోతుంది. కానీ ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. ఈ పాయింట్లను మైళ్లుగా మార్చకుండా బ్యాంకు స్మార్ట్‌బై సైట్‌లోనే టికెట్ కొంటే పాయింటుకు 50 పైసలు వస్తుంది. టికెట్ ధరలో 70 శాతం వరకే పాయింట్లతో కట్టొచ్చు, మిగతాది జేబులోంచి. అలా 7,200 రూపాయలు. ఏడాది ఖర్చు 5 లక్షలు దాటింది కాబట్టి 5,000 విలువైన విమాన వోచర్ కూడా వస్తుంది. 4 లక్షలు దాటినందుకు ఫీజు మాఫీ. అంటే మొత్తం 12,200 రూపాయల లాభం.

మరి 25,400 మైళ్లు గొప్పా, 12,200 రూపాయలు గొప్పా? అట్లాస్ ఫీజు కూడా కలుపుకుని భాగిస్తే, ఒక్కో మైలుకు 71 పైసల కంటే ఎక్కువ రాబట్టగలిగితేనే అట్లాస్ గెలుస్తుంది. మైలు విలువ కట్టడం పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. అదే టికెట్ డబ్బు పెట్టి కొంటే ఎంతో చూడాలి. మైళ్లతో కొన్నా జేబులోంచి కట్టాల్సిన ట్యాక్సులు, ఫీజులు అందులోంచి తీసేయాలి. మిగిలినదాన్ని అడిగిన మైళ్లతో భాగిస్తే సరి. ట్యాక్సులు తీసేయడం మర్చిపోతే మాత్రం ప్రతి మైలూ బంగారంలా కనిపిస్తుంది.

స్కానర్ దగ్గరే తేడా కొడుతోంది

పైన చెప్పిన 30 వేల మామూలు ఖర్చు జూబ్లీహిల్స్ ఇంటికి సరిపోతుందేమో. అల్మాస్‌గూడ కాలనీల్లో పాలు, కూరగాయలు, కిరాణా, టిఫిన్ సెంటర్, ట్యూషన్ ఫీజు.. అన్నీ క్యూఆర్ స్కానర్ మీదే. స్వైపింగ్ మెషిన్ ఉన్న షాపు కోసం వెతుక్కోవాలి. యూపీఐకి లింకయ్యేది రూపే క్రెడిట్ కార్డు మాత్రమే. అదీ వ్యాపారి పేరున్న క్యూఆర్‌కే పనిచేస్తుంది, మనిషి సొంత నంబర్‌కు పోదు. అట్లాస్ వీసా కార్డు, కాబట్టి స్కానర్ దగ్గర దాంతో పని లేదు.

అద్దెకు ఉండేవాళ్లకు ఇంకో దారి కూడా మూసుకుపోయింది. అద్దెను యాప్‌ల ద్వారా క్రెడిట్ కార్డుతో కట్టి, ఏడాది ఖర్చు టార్గెట్లు దాటించుకునేవాళ్లు ఒకప్పుడు చాలామందే. పేమెంట్ అగ్రిగేటర్లపై రిజర్వ్ బ్యాంక్ 2025 సెప్టెంబర్‌లో కొత్త నిబంధనలు తెచ్చాక ఫోన్‌పే, పేటీఎం, క్రెడ్ లాంటివి ఆ సర్వీసు ఆపేశాయి. వ్యాపారిగా నమోదు కాని ఇంటి ఓనర్‌కు డబ్బు పంపడం కుదరదన్నది కారణం.

సో, 30 వేలను 15 వేలకు తగ్గించి మళ్లీ లెక్క వేస్తే సీన్ మొత్తం మారిపోతుంది. అట్లాస్‌లో 3 లక్షల గీత దాటలేరు, మైళ్లు 13,200కు పడిపోతాయి. 71 పైసల లెక్కన ఫీజు పోగా మిగిలేది సుమారు 3,500. రెగాలియా గోల్డ్‌లో ఫీజు మాఫీ పోయింది, వోచర్ పోయింది. ఫీజు కింద 2,950 కట్టాక చేతికొచ్చేది 1,850 రూపాయలు!

అదే ఇల్లు ఎస్‌బీఐ క్యాష్‌బ్యాక్ కార్డు వాడితే? 15 వేలలో 10 వేలు ఆన్‌లైన్ అనుకుందాం. వాటికి 5 శాతం, షాపుల్లో కొన్న 5 వేలకు 1 శాతం, టికెట్లకు 5 శాతం. బిల్లులు, ఇన్సూరెన్స్‌కు ఇక్కడా ఏమీ రాదు. అయినా ఏడాదికి 9,600 రూపాయలు నేరుగా బిల్లులో తగ్గుతాయి. 2 లక్షలు దాటితే 999 ఫీజు కూడా లేదు. విమానం బొమ్మ లేని కార్డే ఎక్కువ విమాన ఖర్చు తీర్చేసింది!

అయితే అమెరికా టికెట్ ఉంటే..

ఇక్కడ లెక్క తిరగబడుతుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పిల్లలున్న ఇళ్లు ఈ కాలనీల్లో తక్కువేం కాదు. అమ్మానాన్నల టికెట్లకు ఒక ఏడాది 2 లక్షలు అయ్యాయనుకుందాం. ఎయిర్‌లైన్ సైట్‌లోనే కొంటే అట్లాస్‌లో వాటి మీదే 10,000 ఎడ్జ్ మైల్స్. 5 మైళ్ల రేటు నెలకు 2 లక్షల వరకే, కాబట్టి సరిగ్గా సరిపోయింది. 3 లక్షల గీత కూడా దాటుతుంది. నెలకు 15 వేల మామూలు ఖర్చే ఉన్నా మొత్తం 32,200 మైళ్లు. ఫీజు పోను విలువ 17 వేలకు దగ్గర. క్యాష్‌బ్యాక్ కార్డుకు నెలకు 5,000 పరిమితి ఉంది కాబట్టి అది 11 వేల దగ్గరే ఆగిపోతుంది.

షరతు ఒక్కటే. దిల్‌సుఖ్‌నగర్ ట్రావెల్ ఏజెంట్ దగ్గరో, మేక్‌మైట్రిప్‌లోనో కొంటే 5 బదులు 2 మైళ్లే. ఏజెంట్ రెండు మూడు వేలు తగ్గిస్తానంటే దాన్నీ లెక్కలో వేసుకోవాలి. అట్లాస్ కొత్త దరఖాస్తులు తీసుకుంటున్నారా, నిబంధనలు మారాయా అన్నది అప్లై చేసే రోజున బ్యాంకు సైట్‌లో చూసుకోవాలి.

కార్డు లేకపోయినా వచ్చే మైళ్లు కూడా ఉన్నాయి. వీటిని చాలామంది వదిలేస్తున్నారు. విమానం ఎక్కినందుకు ఎయిర్‌లైన్ విడిగా మైళ్లు ఇస్తుంది. మెంబర్‌షిప్ ఫ్రీ. శంషాబాద్ నుంచి 2024లో మొదలైన లుఫ్తాన్సా ఫ్రాంక్‌ఫర్ట్ ఫ్లైట్, సింగపూర్ ఎయిర్‌లైన్స్, ఎయిర్ ఇండియా.. ఈ మూడూ స్టార్ అలయన్స్‌లోనివే. కాబట్టి వీటిలో దేంట్లో వెళ్లినా మైళ్లు ఒకే ఖాతాలో వేయించుకోవచ్చు. 2025లో హైదరాబాద్ వచ్చిన కేఎల్ఎం వేరే కూటమి, ఖతార్ ఇంకో కూటమి. మరీ చవక టికెట్ల మీద మైళ్లు తక్కువగా వస్తాయి, కొన్నిసార్లు అసలు రావు.

ఒక్క నెల బిల్లు తప్పితే?

40 వేల బిల్లులో మినిమమ్ డ్యూ మాత్రమే కట్టి ఊరుకునేవాళ్లకు ఈ లెక్కలేవీ వర్తించవు. నెలకు 3.75 శాతం వడ్డీ అంటే 40 వేల మీద 1,500. జీఎస్టీతో 1,770. మొదటి ఉదాహరణలో మామూలు ఖర్చు మీద అట్లాస్ నెలకిచ్చే 1,200 మైళ్ల విలువ 850 రూపాయలు. పైగా బాకీ ఉన్నన్నాళ్లు కొత్త కొనుగోళ్లకు కూడా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది.

మైళ్లను ఎప్పుడు మార్చాలి అన్నదీ ముఖ్యమే. ఒకసారి ఎయిర్‌లైన్‌కు పంపాక బ్యాంకు వెనక్కి తీసుకోదు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ క్రిస్‌ఫ్లయర్ మైళ్లకు మూడేళ్లే గడువు. అందుకే కావాల్సిన తేదీకి సీటు ఉందని సైట్‌లో చూసుకున్నాకే మార్చడం నయం. అట్లాస్‌లో సింగపూర్, ఖతార్, ఎతిహాద్ లాంటి గ్రూపుకు ఏడాదికి 30,000 ఎడ్జ్ మైల్స్ దాటి పంపనివ్వరు. ఎయిర్ ఇండియా, కేఎల్ఎం ఉన్న గ్రూపుకు 1,20,000 వరకు ఓకే.

ఇంకో చిక్కు మన పేర్లతో. కార్డు మీద ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉంటుంది, ఎయిర్‌లైన్ ఖాతాలో ముందువెనకలు అవుతుంది. పేరు కలవకపోతే మైళ్లు ఆగిపోయే ప్రమాదం ఉంది. ఎయిర్‌లైన్ ఖాతా తెరిచేటప్పుడే పాస్‌పోర్ట్ పక్కన పెట్టుకుని, అందులో ఉన్నట్టే అక్షరం అక్షరం నింపాలి. కార్డు మీద పేరు వేరుగా ఉంటే మైళ్లు పంపకముందే బ్యాంకులో సరిచేయించుకోవాలి.