బిందె మెడన, పిన్ను వెనక

మా అవ్వకు పుట్టింటివాళ్లు సారెలో పెట్టిన ఇత్తడి బిందె గిద్దలూరులో మా ఇంట్లో ఇంకా ఉంది. మెడ చుట్టూ ఆమె పేరు, పుట్టిన ఊరి పేరు చిన్న ఉలితో కొట్టించారు. చింతపండుతో తోమి తోమి కొన్ని అక్షరాలు అరిగిపోయాయి. దాన్ని చూసినప్పుడల్లా నాకు జర్మనీ సమాధుల్లో దొరికిన వెండి పిన్నులు గుర్తొస్తాయి.

క్రీ.శ. 6వ శతాబ్దంలో అక్కడి స్త్రీలు పైబట్ట జారకుండా పెద్ద లోహపు పిన్నులు పెట్టుకునేవారు. ముందువైపు నగిషీ, బంగారు పూత. బట్టకు ఆనే వెనకవైపు, కొన్నింటి మీద, సన్నని మొనతో గీరిన రూన్ అనే పాత లిపి అక్షరాలు. ఊరంతా చదవడానికి కాదు, ఇచ్చినవారికీ పెట్టుకున్నామెకూ తెలిస్తే చాలనే అలా రాసి ఉంటారని నాకనిపిస్తుంది. ఆగ్స్‌బర్గ్ దగ్గరి నోర్డెన్‌డార్ఫ్‌లో 1843లో దొరికిన పిన్ను మీద వోడన్ దేవుడి పేరుతో పాటు అవ అనే స్త్రీ పేరు, లియుబ్‌విని అనే మరో పేరు ఉన్నాయి. ఎంగెర్స్‌లో దొరికిన పిన్ను మీద ఒక్కటే మాట: లియుబ్. ప్రియం అని అర్థం.

ఆ లిపికి 24 అక్షరాలు. మొదటి ఆరింటి ధ్వనులు కలిపి దాన్ని ఫుథార్క్ అంటారు. మొదట దిద్దించే మాటతో మనం ఓనమాలు అన్నట్టే. అక్షరాలన్నీ నిలువు గీతలు, ఏటవాలు గీతలు. గుండ్రం దాదాపు లేదు, అడ్డగీత లేదు. ఎందుకని? మార్కాపురం పలక మీద బలపం ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. చెక్క అలా లొంగదు. దానిలో నార ఒకే దిక్కున సాగుతుంది. నార వెంట కత్తితో గీసిన గీత అందులోనే కలిసిపోతుంది, వంపు తిప్పబోతే చెక్క పెచ్చు లేస్తుంది. అందుకే నారకు అడ్డంగా, ఏటవాలుగా కోసే అక్షరాలు పుట్టాయని పండితుల్లో చాలామంది అంటారు. తాటాకుకూ నార ఉంది. గంటంతో దాని వెంట తిన్నగా గీస్తే ఆకు చీలుతుంది. తెలుగు అక్షరం గుండ్రబడడానికి ఇదొక కారణమని చెబుతారు. చిక్కు ఒకటే, వాళ్లు వంపును వదిలారు, మనం వంపునే పట్టుకున్నాం. వెండికీ ఇత్తడికీ నార లేదు కదా! అయినా పిన్ను మీద రూన్ కోసుగానే నిలిచింది, బిందె మీద తెలుగు గుండ్రంగానే తిరిగింది. చెయ్యి నేర్చిన అలవాటు లోహం దాకా వచ్చింది.

చిన్న వస్తువుల మీద మామూలు మనుషుల పేర్లు మనకూ చాలా పాతవే. 1892లో అలెగ్జాండర్ రీ భట్టిప్రోలు స్తూపాన్ని తవ్వినప్పుడు రాతి పేటికలు బయటపడ్డాయి. లిపి పండితుడు బ్యూలర్ చదివిన వాటి మీది రాతల్లో కుబిరక రాజు పేరు ఉంది. నన్ను పట్టి నిలిపింది మాత్రం వేరొకటి: బుద్ధుడి ధాతువులు ఉంచడానికి పేటిక చేయించినవాళ్లు కుర తండ్రి, కుర తల్లి, కుర, శివ. ఆ తల్లికి సొంత పేరు రాయలేదు. మా వీధిలో ఇప్పటికీ ఫలానావాళ్లమ్మ అనే పిలుస్తారు. అక్కడే దొరికిన ఆరు పలకల స్ఫటికం మీద నందపురం స్త్రీల ప్రస్తావన ఉంది.

జర్మనీలోని న్యూడింగెన్‌లో ఒక స్త్రీ సమాధిలో మగ్గం చెక్క దొరికింది. దాని మీద ఇముబకు హమలే ప్రేమ తెలిపాడని, రూన్‌లు రాసింది బ్లిత్‌గుథ్ అని ఉంది. అది స్త్రీ పేరు. రాసినామె తన పేరు తానే చెప్పుకుంది.

మా అవ్వకు చదువు రాదు. పెళ్లిళ్లకు అరువిచ్చిన బిందెలు తిరిగి వచ్చి వసారాలో కలగలిసి ఉంటే, మెడ చుట్టూ బొటనవేలితో తడిమేది. వేలు ఒకచోట ఆగేది. ‘ఇది నాదేలే’ అని చంకనెత్తుకుని లోపలికి వెళ్లేది.