మా గాజువాక కుర్రాడు

విశాఖ విమానాశ్రయం నుంచి గాజువాక వెళ్లే రోడ్డు పోర్టు లారీలది, కంపెనీ బస్సులది. ఆ దారిన ఊరేగింపు కదిలిందంటే ఎన్నికలైనా అయి ఉండాలి, వినాయక నిమజ్జనమైనా అయి ఉండాలి. 2025 జనవరి రెండో వారంలో మాత్రం ఓపెన్ టాప్ జీపు ఒకటి పూలవానలో అడుగులో అడుగేసుకుంటూ కదిలింది. అందులో ఇరవయ్యొకటేళ్ల నితీశ్ కుమార్ రెడ్డి, వెనక సీట్లో వాళ్ల నాన్న ముత్యాలరెడ్డి. చుట్టూ ఫోన్లు పైకెత్తిన జనం. నితీశ్ అప్పుడే ఆస్ట్రేలియాలో ఐదు టెస్టులూ ఆడి, 298 పరుగులు చేసి వచ్చాడు. సిరీస్ మనం 3-1తో ఓడిపోయాం. అయినా గాజువాకలో ఆ రోజు ఓటమి మాట ఎత్తినవాడు లేడు.

అంత సంబరం ఎందుకు? ఒక్క సెంచరీకా? ఆ సెంచరీని బంతి బంతికీ చూసినవాళ్లు ఈ ప్రశ్న అడగరు.

2024 డిసెంబరు 28, శనివారం. మెల్‌బోర్న్‌లో నాలుగో టెస్టు, మూడో రోజు. ఆస్ట్రేలియా 474 కొట్టి కూర్చుంది. మనవాళ్లు 191కి ఆరు వికెట్లు పోగొట్టుకున్నాక ఎనిమిదో స్థానంలో నితీశ్ బ్యాటు పట్టుకొచ్చాడు. ఫాలో ఆన్ తప్పాలంటే ఇంకా 84 పరుగులు కావాలి. కాసేపటికి జడేజా కూడా వెళ్లిపోయాడు, 221కి ఏడు. అక్కడి నుంచి వాషింగ్టన్ సుందర్‌తో కలిసి ఎనిమిదో వికెట్‌కి 127 పరుగులు జోడించాడు. సుందర్ 162 బంతులాడి 50 చేశాడు, అందులో ఫోరు ఒక్కటే. ఒకవైపు అంత ఓర్పు ఉండబట్టే ఇంకోవైపు ఈ కుర్రాడు తన ఆట తాను ఆడుకున్నాడు. యాభై దాటగానే పుష్ప సినిమాలో అల్లు అర్జున్ గడ్డం కింద చెయ్యి తిప్పినట్టు బ్యాటును తిప్పాడు. తెలుగువాళ్ల ఇళ్లన్నీ ఒక్కసారిగా హోరెత్తాయి.

అసలు ఉత్కంఠ ఆ తర్వాతే. అతను 97 మీద ఉండగా సుందర్ అవుటయ్యాడు. రెండు పరుగులు తీసి 99కి చేరాడు. అంతలో కమిన్స్ బౌలింగ్‌లో బుమ్రా సున్నాకే వెనుదిరిగాడు. తొమ్మిది వికెట్లు పోయాయి, క్రీజులోకి సిరాజ్ వచ్చాడు. కమిన్స్ ఓవర్లో మిగిలిన మూడు బంతులూ సిరాజే ఆడాలి. అవతలి కొస నుంచి చూస్తూ నిలబడటం తప్ప నితీశ్ చెయ్యగలిగింది లేదు. మన హైదరాబాద్ సిరాజ్ ఆ మూడు బంతులనూ కాచుకున్నాడు. మూడోది ఆడేశాక స్టేడియంలో లేచిన కేక సెంచరీకి లేచే కేకలాగే ఉంది. తర్వాతి ఓవర్ బోలండ్‌ది. మిడాన్ ఫీల్డర్ ముందుకు జరిగి నిలబడి ఉండటం గమనించి, అతని తల మీదుగా బంతిని గాల్లోకి లేపి బౌండరీకి పంపాడు. 99 మీద ఉన్నవాడు సింగిల్ కోసం వెతుక్కుంటాడని మనం అనుకుంటాం. అతను ఖాళీ ఎక్కడుందో అక్కడికే కొట్టాడు. ఆ షాట్ నాకు సెంచరీ కంటే పెద్దది.

మోకాలి మీద కూర్చుని, బ్యాటును నేలకు నిలబెట్టి, దాని పిడికి హెల్మెట్ తగిలించి తలెత్తి చూశాడు. హెల్మెట్ మీదున్న జాతీయ జెండాకి అది తన వందనమని తర్వాత చెప్పాడు. ఎనభై వేల పైచిలుకు జనం మధ్య ముత్యాలరెడ్డి చేతులు జోడించి, కళ్లు తుడుచుకుంటూ కనిపించారు. ఆడమ్ గిల్‌క్రిస్ట్ మైకు పట్టుకుని ఆయన దగ్గరికే వెళ్లి మాట్లాడించాడు. మర్నాడు నితీశ్ 114కి అవుటయ్యాడు. ఆస్ట్రేలియా గడ్డ మీద టెస్టు సెంచరీ కొట్టిన భారతీయుల్లో సచిన్, రిషభ్ పంత్ తర్వాత అతి చిన్నవాడు ఇతనే.

ఇక గాజువాక సంగతి. ఊరి బయటివాళ్లకు అదొక జంక్షన్, ట్రాఫిక్ జామ్. లోపలివాళ్లకు అది షిఫ్టుల మీద నడిచే ఊరు. స్టీల్‌ప్లాంటు, షిప్‌యార్డు, రిఫైనరీ, బీహెచ్‌పీవీ, జింక్... ఏ వీధిలో అడిగినా ఏదో ఒక కంపెనీ పేరు వినిపిస్తుంది. ప్రభుత్వ రంగం వెలుగులో ఉన్న రోజుల్లో ఆ కంపెనీలు జీతాలతోపాటు ఇంకోటి కూడా ఇచ్చాయి: మైదానాలు. క్వార్టర్స్ పక్కన గ్రౌండు, గ్రౌండులో కంపెనీ టీము, సాయంత్రం ఆట చూడటానికి గోడెక్కి కూర్చునే పిల్లలు. ముత్యాలరెడ్డి హిందుస్థాన్ జింక్ ఉద్యోగి. ప్లాస్టిక్ బ్యాటు పట్టిన వయసులో నితీశ్ పెద్దవాళ్ల ఆట చూస్తూ పెరిగింది ఆ జింక్ గ్రౌండులోనే.

ఆ కంపెనీ 2002లో ప్రైవేటు చేతికి వెళ్లింది. కొన్నేళ్లకు ఇక్కడి స్మెల్టర్ మూతపడింది. ముత్యాలరెడ్డికి ఉదయ్‌పూర్ బదిలీ వచ్చింది. వెళ్తే జీతం ఉంటుంది, కొడుకు ఆట ఉండదు. రిటైర్మెంటుకి ఇంకా చాలా ఏళ్లుండగానే ఆయన ఉద్యోగం వదిలేశారు. బంధువులు ఏమని ఉంటారో మనకు తెలియనిది కాదు. చదువు మాన్పించి ఆటలేమిటని మన ఇళ్లలో ఎన్నిసార్లు వినలేదు? డబ్బు ఇబ్బందులతో నాన్న ఏడవడం ఒకసారి చూశానని, ఆ తర్వాతే ఆటను గట్టిగా పట్టుకున్నానని నితీశ్ చెప్పుకున్నాడు. మెల్‌బోర్న్‌లో ఆ తండ్రి కన్నీళ్లు చూసి ఈ పారిశ్రామికవాడ అంతా కదిలిపోయింది అందుకే. స్టీల్‌ప్లాంటును అమ్మేస్తామన్న ప్రకటన 2021లో వచ్చింది మొదలు కూర్మన్నపాలెంలో దీక్షా శిబిరాలు చూస్తూ బతికిన ప్రాంతమిది. ఉద్యోగం ఎప్పుడు పోతుందో తెలియని ఇళ్లకు, ఉద్యోగం వదులుకున్న ఇంట్లోంచి వచ్చిన ఈ విజయం సొంత విజయంలా తోచింది.

అతన్ని మొదట గుర్తించిన కళ్లు భారత మాజీ వికెట్‌కీపర్ ఎమ్మెస్కే ప్రసాద్‌వి. ఆంధ్ర క్రికెట్ సంఘం అకాడమీకి కడప పంపారు. విశాఖ నుంచి కడపకు తిరుమల ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణం. ఇల్లు, అమ్మ చేతి వంట, సముద్రం వదిలి రాయలసీమ ఎండలో నెట్స్. ఆ కష్టానికి ఫలితం 2017-18 విజయ్ మర్చంట్ ట్రోఫీలో కనిపించింది. పదహారేళ్లలోపు పిల్లల ఆ టోర్నీలో 1,237 పరుగులు, సగటు 176.41, నాగాలాండ్ మీద ఒకే ఇన్నింగ్స్‌లో 441. వాటితోపాటు 26 వికెట్లు. బోర్డు ఆ ఏడాది జగ్‌మోహన్ దాల్మియా అవార్డు ఇచ్చింది. ఆ వేడుకలో దూరం నుంచి కోహ్లీని ఫొటోలో పట్టుకోవాలని తంటాలు పడిన పిల్లాడికి, 2024 నవంబరు 22న పెర్త్‌లో టెస్టు క్యాపు అందించింది ఆ కోహ్లీయే.

మధ్యలో ఐపీఎల్. సన్‌రైజర్స్ హైదరాబాద్ 20 లక్షలకు తీసుకుంది. 2024లో పంజాబ్ మీద 37 బంతుల్లో 64, రాజస్థాన్ మీద 42 బంతుల్లో 76 నాటౌట్. ఆ సీజన్‌లో 303 పరుగులతో ఎమర్జింగ్ ప్లేయర్ అయ్యాడు. మరుసటి ఏడాదికి ఆరు కోట్లు పెట్టి అట్టేపెట్టుకున్నారు. ఈ భాగం అందరికీ తెలిసిందే, దాటేద్దాం.

చెప్పాల్సింది ఆ జీపు ఊరేగింపు తర్వాత జరిగిన కథ. అది అంత తీయగా లేదు. ఇంగ్లండ్‌తో టీ20ల్లో పక్కటెముకల కండరం పట్టేసి జట్టుకు దూరమయ్యాడు. 2025 ఐపీఎల్‌లో 13 మ్యాచులాడి 182 పరుగులే చేశాడు. ఆ తర్వాత ఇంగ్లండ్ వెళ్తే, ఎడ్జ్‌బాస్టన్ టెస్టులో రెండు ఇన్నింగ్స్‌లోనూ ఒక్కొక్క పరుగు. లార్డ్స్‌లో బంతి అందుకున్న మొదటి ఓవర్లోనే డకెట్‌ని, క్రాలీని వెనక్కి పంపి ఆహా అనిపించాడు. అంతలో మోకాలి గాయంతో ఇంటిదారి పట్టాడు. గువాహటిలో దక్షిణాఫ్రికా మీద 10, సున్నా. పూలు చల్లిన చేతులతోనే ‘ఒక్క ఇన్నింగ్స్ హీరో’ అని ఫోన్లలో రాసినవాళ్లు బయలుదేరారు.

ఈ మాట నన్ను బాధపెట్టింది. ఇది మనకు కొత్తకాదు మరి. వేణుగోపాలరావు ఈ విశాఖ వాడే. 2004లో ఇంగ్లండ్ ‘ఎ’ జట్టు మీద సౌత్‌జోన్ 501 పరుగులు ఛేదించిన మ్యాచ్‌లో అజేయంగా 228 కొట్టాడు. భారత్‌కు ఆడింది 16 వన్డేలు. ఆ తర్వాత అతని పేరు వీధుల్లో ఎంతకాలం వినిపించింది? కోన శ్రీకర్ భరత్ నౌకాదళ డాక్‌యార్డు ఉద్యోగి కొడుకు. రంజీలో ట్రిపుల్ సెంచరీ కొట్టిన మొదటి వికెట్‌కీపర్ అతనే. ఏడు టెస్టులాడాడు. ఏడోది 2024 ఫిబ్రవరిలో విశాఖ పీఎం పాలెం స్టేడియంలో, సొంత ఊరి జనం ముందు. ఆ తర్వాత జట్టులో చోటు పోయింది. మన ఊరివాడు జట్టులో ఉన్నన్నాళ్లూ ఫ్లెక్సీలు కడతాం, తప్పుకోగానే దించేస్తాం. భరత్ ఆ తర్వాత కూడా ఆంధ్రకు ఆడుతూనే ఉన్నాడు. ఆ మ్యాచులకు వెళ్లినవాళ్లెవరైనా మీకు తెలుసా?

నితీశ్ విషయంలో ఓపిక ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే అతను ఎంచుకున్న పని మన దేశంలో అన్నిటికంటే కష్టమైనది. పేస్ వేసే ఆల్‌రౌండర్. కపిల్‌దేవ్ 434 వికెట్లు, 5,248 పరుగులతో వదిలివెళ్లిన కుర్చీ ఇప్పటికీ ఖాళీ. హార్దిక్ పాండ్యా 11 టెస్టులాడి, వెన్ను గాయాలతో ఆ ఫార్మాట్‌కే దూరమయ్యాడు. ఒంటికి రెట్టింపు శ్రమ అన్నది ఒక కారణం. ఇంకోటి ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మన పిచ్‌ల మీద స్పిన్నర్లదే రాజ్యం. 2025 అక్టోబరులో వెస్టిండీస్‌తో జరిగిన టెస్టులే చూడండి. అహ్మదాబాద్‌లో బ్యాటింగ్ అవకాశమే రాలేదు. ఢిల్లీలో 43 చేశాడు. రెండు టెస్టులూ కలిపినా బంతి అతని చేతికి వచ్చింది బహు తక్కువ. ఈత నేర్చుకోమని చెప్పి నీళ్లలోకి దిగనివ్వకపోతే ఎలా?

కుర్రాడిని ఎత్తుకుని, తడబడగానే దించేసే ఈ ఆతృత క్రికెట్‌కే, మనకే పరిమితం అనుకోనక్కర్లేదు. అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్ అంటే ఊళ్లకు ఊళ్లే ఊగిపోతాయి. ఏడడుగుల కుర్రాడు మొదటి సంవత్సరంలో చేరాడంటే ఇక ఆ ఏడాదంతా అతని పేరే. గ్రెగ్ ఓడెన్ అలాంటివాడు. 2006-07లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి ఆడిన ఒక్క సీజన్‌తోనే, ప్రొఫెషనల్ జట్లు కొత్త కుర్రాళ్లను వరసగా ఎంచుకునే 2007 ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు పిలుపు అందుకున్నాడు. కెవిన్ డ్యురాంట్ రెండో పేరు. మొదటి సీజన్ మొదలవకముందే ఓడెన్ మోకాలికి ఆపరేషన్ అయింది. మోకాళ్లు మళ్లీ మళ్లీ దెబ్బతిన్నాయి. మొత్తం మీద ఆడింది 105 మ్యాచులే. అతని ఆటలో లోపం లేదు, ఒళ్లే సహకరించలేదు. అతన్ని తీసుకున్న పోర్ట్‌లాండ్ జట్టు అభిమానులు డ్యురాంట్‌ని తీసుకోవాల్సింది అని ఏళ్ల తరబడి వాపోయారు. గాయపడ్డ కుర్రాడికి ఆ మాటలు ఎలా తగిలి ఉంటాయో ఊహించుకోవచ్చు.

నితీశ్‌ది అంత తీవ్రమైన గాయం కాదు, తిరిగొచ్చాడు. 2025 అక్టోబరులో పెర్త్‌లో మొదటి వన్డే ఆడుతూ 11 బంతుల్లో 19 నాటౌట్, అందులో రెండు సిక్సర్లు. చేతిలో జోరు తగ్గలేదు. ఇప్పుడు అతనికి లేనిది బౌలింగ్ చేసిన ఓవర్ల బరువు. నాలుగు రోజుల మ్యాచ్‌లో, కొత్త బంతి మెరుపు పోయాక, మధ్యాహ్నం ఎండలో, వికెట్ రాకపోయినా ఒకేచోట బంతి వేస్తూ పోయే పని. అది ఐపీఎల్‌లో నాలుగు ఓవర్లతో అలవడదు. రంజీలో, దులీప్ ట్రోఫీలో అలవడుతుంది. జాతీయ జట్టు బెంచి మీద కూర్చోబెట్టే బదులు, తుది జట్టులో చోటు లేని ప్రతిసారీ అతన్ని ఆంధ్రకు పంపించి పాతిక ఓవర్లు వేయించాలి. సెలెక్టర్లు ఈ మాట వింటారో లేదో గానీ, ఆంధ్ర క్రికెట్ సంఘం అడగొచ్చు. సెంచరీకి 25 లక్షల నజరానా ప్రకటించిన సంఘమది, అడిగే హక్కు దానికి ఉంది.

మన వంతు కూడా ఉంది. పీఎం పాలెం స్టేడియంలో అంతర్జాతీయ మ్యాచ్ అంటే టికెట్ల కోసం కొట్టుకుంటాం. అదే మైదానంలో ఆంధ్ర రంజీ ఆడుతుంటే గ్యాలరీలు బోసిపోతాయి. నితీశ్ ఆంధ్ర జెర్సీలో బౌలింగ్ చేసే రోజు గాజువాక నుంచి పిల్లలు బస్సెక్కి అక్కడికి వెళ్లాలి. అతను వికెట్ లేకుండా వేసే పదిహేనో ఓవర్‌ని వాళ్లు చూడాలి. ఇంకో మాట, కంపెనీల దగ్గర మిగిలిన గ్రౌండ్లను స్థలాల లెక్కలో కలిపేయకుండా కాపాడుకోవాలి. స్టీల్‌ప్లాంటులోనైనా, పోర్టులోనైనా, మూతపడ్డ ఫ్యాక్టరీ కాంపౌండులోనైనా సాయంత్రం పూట గేటు తీసి పిల్లల్ని లోపలికి రానివ్వమని అడుగుదాం. ఈ అడగడం ఈ సీజన్‌లోనే మొదలుపెడదాం.